గట్టు మీది కంప్యూటర్లు

తాండూరులో బండలు నునుపు చేసే ఒక పాలిషింగ్ యూనిట్‌లో నేను మేనేజర్ని. ఏ పనైనా ముందు కాగితం మీద గీసుకోనిదే నాకు నిద్ర పట్టదు. ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. కోట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో అందరికీ పనికొచ్చే కంప్యూటర్ ల్యాబు పెడదామనుకున్నప్పుడు కూడా అలాగే గీశాను. గొర్రెల కాపరుల సంఘం వాళ్లు తమ హాలు ఇస్తామన్నారు. హైదరాబాదులో ఒక ఆఫీసు వాళ్లు తాము మార్చేస్తున్న కంప్యూటర్లు నాలుగు ఇస్తామన్నారు. బల్లల కోసం మిగులు బండలు మా సేటు ఊరికే ఇచ్చాడు. కుర్చీలకు, ఇన్వర్టర్‌కు పంట రాగానే ఇంటికి కొన్ని కందులు చందాగా వేద్దామని ఊళ్లో అనుకున్నారు.

ఆఫీసు వాళ్లు మాత్రం ఒక షరతు పెట్టారు. నేర్పే మనిషి ఊళ్లోనే ఉండాలి, లేకపోతే కంప్యూటర్లు ఇంకో ఊరికి పోతాయి.

మా ఊళ్లో ఆ పని తెలిసింది ఒక్కరికే. సంఘం పెద్దాయన కోడలు పెళ్లికి ముందు వికారాబాదులో ఒక జిరాక్సు సెంటర్లో కంప్యూటర్ మీద పని చేసింది. అడగ్గానే ఆమె మొహం వెలిగింది, అంతలోనే చిన్నబోయింది.

"నాకు మస్తు ఇష్టమే అన్నా. గని మా మామ రోజు గా హాల్లనే కూసుంటడు. మామ ముంగట కుర్సీల కూసుండుడు నాతోని కాదు."

"ఆయన వద్దన్నాడా?"

"ఆయనేమనడు. నాకే పానం ఒప్పదు."

నాకు ఒళ్లు మండింది. ఏ కాలంలో ఉన్నాం మనం! నేరుగా మామ దగ్గరికే వెళ్లాను. "నేనేమన్న వద్దన్ననా? కూసొమ్మను" అన్నాడాయన. ఆయన కాదనడు, ఈమె కూర్చోదు. పోనీ ఆయన్ను హాలుకు రావద్దందామంటే, సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ హాలు కట్టించిందే ఆయన.

ఈ పరేషాన్‌లో మేస్త్రికి ఫోన్లోనే పని చెప్పాను. బండలు వస్తున్నాయి, గోడ పొడుగునా గట్టు కట్టు అన్నాను. నా డ్రాయింగు నా దగ్గరే ఉండిపోయింది. ఆదివారం వచ్చి చూస్తే గట్టు నా నడుం దాకా ఉంది. కుర్చీలో కూర్చుని కీబోర్డు అందుకోవాలంటే మోచేతులు పైకి లేపాలి.

"ఏంది మేస్త్రీ ఇది?"

"గట్టన్నరు కద సార్. వంటగట్టు గింతనే ఉంటది. నేను కట్టినయి ఏ ఇంట్లనన్న చూడుండ్రి."

కూలగొడితే బండలు పగులుతాయి. నేను గొంతు చించుకుంటుంటే, మామకు చాయ్ తెచ్చిన కోడలు గట్టు దగ్గరికొచ్చి నిలబడింది. వట్టి బండ మీద వేళ్లు ఆడించి చూసింది.

"కూలగొట్టకండ్రి అన్నా. నిలవడి నేర్పిస్త. ఇంట్ల రొట్టెలు గిట్లనే చేస్త కద."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. కుర్చీల మాట వదిలేసి, ఆ పైసలు కూడా కలిపి ఇన్వర్టర్‌కు పెద్ద బ్యాటరీ కొన్నాం. ఇప్పుడు సాయంత్రం పూట పిల్లలు వరుసగా నిలబడి టైపు చేస్తుంటే అందరూ వంట నేర్చుకుంటున్నట్టే ఉంటుంది. పొట్టివాళ్లకు కాళ్ల కింద బండముక్కలు వేశాం. అది చూసినప్పుడల్లా నాకు కడుపు నిండిపోతుంది.

పోయిన నెల పెద్దాయన తాండూరు నుంచి ఎత్తైన స్టూలు ఒకటి బస్సులో వేసుకొచ్చాడు. గట్టు ముందు పెట్టాడు. తువ్వాలు దులుపుకుని, రోజూ కూర్చునే మూల వదిలి, బయట అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

"లోపల కూసోవా కాకా?" అన్నాను.

"గీడ గాలి మంచిగొస్తది."

లోపల స్టూలు జరిపిన చప్పుడైంది. "మేడం కూసున్నది!" అని పిల్లలు అరిచారు. ఆయన అప్పుడు కూడా తల తిప్పలేదు.