మెటియాబ్రుజ్‌లో బ్లెన్‌హైమ్ ఇంజన్లు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మా నాన్న కలకత్తా విమానాల స్థావరంలో కూలీ. యుద్ధానికి ముందే తయారైన బ్లెన్‌హైమ్ అనే బాంబు విమానం పంకాలు రోజూ పొద్దున్నే చేత్తో తిప్పేవాణ్ణని చెప్పేవాడు. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ఆయన పోయాక గాట్లు పెట్టిన వెదురుపుల్ల ఒకటి మిగిలింది. కలకత్తాలో మెటియాబ్రుజ్ పాత ఇనుము యార్డుకి రెండు విమాన ఇంజన్లు వచ్చాయనీ, మర్నాడు కోసేస్తారనీ మేనల్లుడు అప్పలరాజు ఫోన్ చేశాడు. ఆమదాలవలసలో రైలెక్కాను.

రైలు ఆలస్యమై హౌరాలో దిగేసరికి పదిన్నర. ఆరు రూపాయల టిక్కెట్టుతో బస్సులో ఏక్‌బాల్‌పూర్. అక్కడ అప్పలరాజు కలిశాడు. కార్పొరేషన్‌లో పని అతనికి.

"ఏటి మావా, పుల్ల తెచ్చినావా? నీకెలాగూ నోరు లేదు, అదైనా మాటాడాల."

ఆటోలో యార్డు చేరేసరికి పన్నెండున్నర. అక్కడి పద్ధతి ఒకటే. కొనేవాళ్ళు వస్తువు మీద సుద్దముక్కతో అదేమిటో పేరు రాయాలి. పేరు లేనిది ఒంటిగంటకి గ్యాస్ కట్టరు పాలు. ఒక ఇంజనుకి అప్పటికే ఒక సిలిండరు ఊడదీశారు. తన కాలేజీకి ఇంజను కొనాలని వచ్చిన లెక్చరరు మేడం తెలుగావిడే, పుట్టి పెరిగింది కలకత్తాలో.

"తొమ్మిది సిలిండర్లు, ఒకే వరస. బ్లెన్‌హైమ్‌కి పెట్టే మెర్క్యురీ కావచ్చు, వెల్లింగ్టన్ అనే ఇంకో బాంబు విమానానికి పెట్టే పెగాసస్ కావచ్చు. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయండీ. తేలకుండా ఏమని రాయను?"

యార్డు యజమాని గడియారం చూపించాడు, పావు తక్కువ ఒంటిగంట. "పౌనే ఏక్, దాదా!"

నేను పుల్ల పైకెత్తాను.

"ఆగండి దాదా! మా తాత కొలత సూడండి!" అప్పలరాజు అరిచాడు.

బ్లెన్‌హైమ్ ఇంజనులో పిస్టన్ ఎంత దూరం కదిలేదో నాన్న దాని మీద రెండు గాట్లు పెట్టుకున్నాడు. మేడం గాట్ల మధ్య దూరం టేపుతో కొలిచింది. ఆరున్నర అంగుళాలు. పెగాసస్‌కయితే ఇంకో అంగుళం ఎక్కువట.

కిరసనాయిలు పోసి, నలుగురు కడ్డీతో ఇరుసు తిప్పారు. కదల్లేదు. వెనక కట్టరు బుస్సున వెలిగింది. మళ్ళీ పట్టారు. కిర్రుమంది. ఊడదీసిన చోట పిస్టన్ మెల్లగా పైకి లేచింది. పక్కనే పుల్ల నిలబెట్టి పట్టుకున్నాను. రెండో గాటు దాకా వచ్చి ఆగింది. వెనక్కి మళ్ళింది.

"బ్లెన్‌హైమ్," అన్నాను. ఆ యార్డులో నేనాడిన మొదటి మాట.

మేడం సుద్దముక్క నాకే ఇచ్చింది. నాకొచ్చింది తెలుగే. జోడీ రెండింటి మీదా రాశాను, కింద ఇంకో మాట చేర్చాను.

"నాకు తెలుగు చదవడం రాదండీ. కింద ఏం రాశారు?"

"తిప్పిన మనిషి పేరమ్మా."

ఊళ్ళో నాన్న మాట నమ్మనివాళ్ళలో నేనూ ఒకణ్ణి. పిస్టన్ లేస్తున్నంతసేపూ నా భయం ఇంజను గురించి కాదు, నాన్న మాట గురించి. అలాంటి యార్డుకి వెళ్ళేవాళ్ళు ముందురోజే కలకత్తాలో దిగండి. రైలు ఆలస్యం కావచ్చు గానీ, అక్కడ ఒంటిగంటంటే ఒంటిగంటే.