నక్షత్రం దూరం కొలవబోతే కన్ను కొట్టానన్నారు

భూమి సూర్యుడికి ఇటున్నప్పుడోసారి, అటున్నప్పుడోసారి చూస్తే దగ్గరి నక్షత్రం కాస్త జరిగినట్టుంటుందట. ఆ జరుగుడును బట్టే దూరం లెక్కగడతారట. ఫోన్లో చూశాను.

సాయంత్రం భీమిలి బస్టాపులో నిలబడి నేనూ ప్రయత్నించాను. బొటనవేలే నక్షత్రమనుకుని, చెయ్యి చాచి, ఒక్కో కన్నూ మార్చి మార్చి మూస్తున్నాను. ఎదురుగా చేపల గంపతో కూర్చున్నామె లేచింది.

“ఏటి బావూ, నాకు కన్ను కొడతన్నావేటి?”

జనం మూగారు. “సారీ సెప్పెయ్ బావా, పోదాం” అన్నాడు పక్కనే ఉన్న మా బావమరిది.

“నానెందుకు సెప్తాను?” అని ఆమెకేసి తిరిగాను. “అప్పా, నువ్వూ ఏలు సాపి, ఒక్కో కన్నూ మూసి సూడు!”

చూసింది. “ఓలమ్మో, ఏలు గెంతుతంది!” అంటూ ఆపకుండా మూస్తూనే ఉంది. ఎదుటి ఆటోవాడు తల దువ్వుకున్నాడు.

సారీ మాత్రం చెప్పలేదు. రేపూ అక్కడే మూస్తాను. నాది తప్పనేవాళ్లు ముందు వేలు చాచి చూసి, అప్పుడు కామెంట్ పెట్టండి.