తేనెటీగల గృహప్రవేశం: చిమిండైంగ్ రేవు దాటి ఒక పుచ్చతోట దాకా

యాంగోన్ గురించి తెలుగులో వచ్చే ప్రయాణ వ్యాసాలు చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. బంగారు గోపురం, సాయంత్రపు వెలుగు, మొహింగా అనే చేపపులుసు సేమ్యా గిన్నె, అంతటితో ఊరు అయిపోయింది! ఈ ఊళ్ళోనే పుట్టి యాభై దాటినదాన్ని కాబట్టి అడుగుతున్నాను. హోటల్లో మీ ముందు పెట్టిన ఎర్రటి పుచ్చముక్క ఎక్కడిదని మీలో ఒక్కరైనా అడిగారా? దాని వెనక ఎన్ని చేతులు, ఎన్ని రెక్కలు ఉన్నాయో చూడాలని ఎవరికైనా అనిపించిందా? అనిపిస్తే ఈ దారి మీకోసమే. నది దాటి వెళ్ళాలి, ఒక పూట చాలు.

నేను వెళ్ళింది మా తమ్ముడి భార్య నూకాలు కోసం. మింగళాడోన్ దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో తను ఏళ్ళ తరబడి చొక్కా కాలర్లు కుట్టింది. మూత్రానికి లేచినా సూపర్‌వైజర్ గడియారం చూసుకునే చోటది. దాన్ని అభివృద్ధి అనేవాళ్ళు ఒక్క వారం ఆ బల్ల మీద కూర్చుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం. పోయినేడు నూకాలు ఆ పని వదిలేసి, నది అవతల కొంత నేల కౌలుకు తీసుకుని పుచ్చ పెట్టింది. తీగ నిండా పువ్వులొచ్చాయి. కాయలు మాత్రం ఒక పక్క ఉబ్బి, ఒక పక్క నొక్కుకుపోయి, ఎవరో కోపంతో పిసికేసినట్టు తయారయ్యాయి. చాలా పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. చుట్టుపక్కల పొలాల్లో పొద్దున్నే మందు కొట్టి కొట్టి తేనెటీగ అనేది లేకుండా చేస్తే ఇంకేమవుతుంది? ఈసారి కూడా పంట పోతే మళ్ళీ ఆ కుట్టుమిషను ముందుకే వెళ్ళాలి. ఫ్యాక్టరీ వాళ్ళు రమ్మని కబురు కూడా పెట్టారు. అందుకే పువ్వు మొదలయ్యే వారానికి తేనెటీగల పెట్టెలు మాట్లాడుకుంది. ఒక చేయి వేద్దామని నేనూ బయల్దేరాను. నేను చేయి కంటే నోరే ఎక్కువ వేస్తానని మా ఇంట్లో అందరి అభిప్రాయం.

బోటాటౌంగ్‌లో తొలి బస్సెక్కితే తెల్లవారేసరికి చిమిండైంగ్ బజారు దగ్గర దింపేస్తుంది. టీ తాగి, చేపల బుట్టలు తప్పించుకుంటూ రేవుకు నడిచాను. అక్కడ తేనెటీగల మనిషి కో సింహాద్రి (కో అంటే ఇక్కడ అన్న అన్నట్టు) ఆరు పెట్టెలతో ఎదురుచూస్తున్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు కూలికి వచ్చిన కుటుంబం వాళ్ళది. రేవుకు దగ్గరే అతని పెరడు. ముందురోజు సాయంత్రం ఈగలన్నీ గూటికి చేరాక పెట్టెల తలుపులకు జాలీ బిగించాడట. ఏటా వాటిని లారీలో ఎగువ జిల్లాల పొద్దుతిరుగుడు చేలకు తీసుకెళ్ళేవాడు. ఈ ఏడు డీజిల్ కరువు, దారుల గొడవ. అందుకని దగ్గర పని దొరికిందని మహా హుషారుగా ఉన్నాడు.

"ఇదేటక్కా, ఆట! నది దాటితే సరి. మజ్జాన్నానికి ఇంటికెల్లి కూడు తినీగలను" అన్నాడు.

జనం ఎక్కే పడవలో పెట్టెలు వద్దన్నారు కాబట్టి సామాన్ల పడవ మాట్లాడుకున్నాం. ధరలు నెలనెలా మారుతున్నాయి కనుక అంకె రాయను. పెట్టెకింత అని కాకుండా మొత్తం పడవకు బేరమాడండి. నది మధ్యకు వచ్చాక పెట్టెల్లోంచి ఝుమ్మని మోత మొదలైంది. పడవ నడిపే ఆయన చెవి ఒగ్గి, ఏముందని బర్మీస్‌లో అడిగాడు. తేనెటీగలని చెప్పాను. ఆయన పెట్టెలకేసి, నీళ్ళకేసి చూసి, "నాకు ఈత వచ్చు. మీకు వచ్చా?" అన్నాడు.

అవతలి ఒడ్డు నుంచి గట్ల మీద నడిచి ఏడింటికల్లా తోట చేరాం. నూకాలు స్నానం చేసి, పసుపు, కుంకుమ, టెంకాయ, ఆరు మామిడి తోరణాలు సిద్ధం చేసుకుని నిలబడి ఉంది. పెట్టెలు దించడం ఆలస్యం, ఒక్కోదాని తలుపుకు అడ్డంగా ఆకులు వేలాడేలా తోరణం కట్టడం మొదలుపెట్టింది.

"ఏటే ఇది?" అన్నాను.

"గుమ్మం, వొదినా. కొత్తింటికొచ్చినోల్లకి తోరణం కట్టమేటి?"

"ఇవి ఈగలే!"

"ఈగలైతే? పని సేసీవన్నీ ఆడీగలేనని నువ్వే కదా సెప్పినావు. ఆడకూతుల్లొస్తే ఒట్టి గుమ్మం సూపించమంటావా?"

నాకు నిజంగానే కోపం వచ్చింది. పొద్దున్నే మందు కొట్టే పక్క పొలం వాణ్ణి అడగకుండా, పెట్టెలకు పసుపు పూస్తే పంట పండుతుందా? మనవాళ్ళు సముద్రం దాటి వచ్చినా, మూడు తరాలు గడిచినా, ఈ పసుపు కుంకుమలు మాత్రం వదల్లేదు. ఇదంతా గట్టు మీద నిలబడి గట్టిగానే అన్నాను. అని ఊరుకోలేదు, చివరి పెట్టె తోరణం విప్పి నా సంచిలో వేసుకున్నాను. "దీనికి వద్దు. అయిదూ నీవి, ఒకటి నాది. ఏది బాగా పనిచేస్తుందో చూద్దాం. నీ దేవుడికి పరీక్ష."

"అక్కా, నువ్వు పెట్టిన పరీచ్చకి ఈగలు సదూకున్నాయేటి?" అన్నాడు సింహాద్రి, జాలీలు విప్పుతూ.

నా పెట్టెలోంచి ఈగలు తూటాల్లా దూసుకుపోయాయి. నూకాలు పెట్టెల్లోవి ఆకుల్లో తడబడి, బయటికొచ్చి, వెనక్కి తిరిగి గుమ్మం వైపే చూస్తూ అటూ ఇటూ ఊగాయి. "చూశావా, నీ ఆకులు దారికి అడ్డం!" అన్నాను విజయగర్వంతో.

తర్వాతి గంట గురించి ఎంత చెప్పినా తక్కువే. పుచ్చపువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది, మళ్ళీ తెరుచుకోదు. ఆడపువ్వు కింద గోలీకాయంత పిందె, ఒంటినిండా నూగుతో. ఆ ఒక్క పూటలోనే ఈగలు మగపువ్వుల పుప్పొడి తెచ్చి, మళ్ళీ మళ్ళీ వచ్చి అంతటా అద్దాలి. తక్కువసార్లు వస్తే కాయ వంకర పోతుంది. నిరుడు ఒక్క రెక్క చప్పుడు లేని ఆ తోట ఇప్పుడు మోగుతోంది. ఒళ్ళంతా పసుపు పూసుకున్న ఈగ ఒకటి పువ్వులో పొర్లుతుంటే నూకాలు ఊపిరి బిగబట్టి, చంటిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నట్టు కూర్చుంది. నేను కూడా పక్కనే చతికిలబడ్డాను. ఉపన్యాసం ఎక్కడ ఆపానో గుర్తు లేదు.

అప్పుడు సింహాద్రి ఫోను మోగింది. అవతల అతని భార్య గొంతు మాకందరికీ వినిపించింది.

"ఏటయ్యా, ఈగల్ని తీసుకెల్లినావా, ఇక్కడే వొగ్గీసి ఎల్లిపోనావా? పెట్టెలున్న సోట గుంపులు గుంపులుగా తిరగతన్నాయి! బట్టలారీనివ్వట్లేదు!"

సింహాద్రి నుదురు కొట్టుకున్నాడు. "లారీలో ఎప్పుడూ సానా దూరం పోయీవోల్లం, అక్కా. నది దాటినాం కదా, ఏరే ఊరే అనుకున్నాను. ఈగకి నదేటి? కూత దూరం. పాత గుర్తు పట్టుకుని ఎనక్కి పోనాయి."

నూకాలు గబుక్కున లేచింది. "అన్నీ పోతాయా, అన్నా?"

ముగ్గురం పెట్టెల దగ్గరికి పరుగెత్తాం. తోరణాలున్న అయిదు పెట్టెలకూ ఈగలు కాళ్ళకు పుప్పొడి ముద్దలతో తిరిగొస్తున్నాయి. నా పెట్టె గుమ్మం దగ్గర మాత్రం నాలుగో అయిదో తచ్చాడుతున్నాయి. సింహాద్రి ఒకసారి ఆకుల్ని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు. గుమ్మానికి ఆకు అడ్డం ఉంటే ఈగ ఆగుతుందట, ఏదో మారిందని వెనక్కి తిరిగి కొత్త చోటును గుర్తు పెట్టుకుంటుందట. వాళ్ళ నాన్న కొమ్మలు పెట్టేవాడట, లారీల కాలంలో అవసరం లేక తనే మరిచిపోయాడు.

"ఏటి వొదినా, పరీచ్చలో ఎవులు పాసు?" అంది నూకాలు.

"గెలిచింది ఆకు. దేవుడు కాదు."

"ఆకెవులు కట్టినారు?"

"నువ్వు."

"అయితే ఆ టెంకాయేదో నాకే కొట్టు!"

కొట్టాను. నూకాలు పాదాల దగ్గర, రాయి మీద, ఇద్దరం పడీ పడీ నవ్వుతుండగా. పసుపు కుంకుమల మీద నా మాట నేను వెనక్కి తీసుకోలేదు. సంచిలోని తోరణం మాత్రం తీసి నా పెట్టెకు కట్టాను. సింహాద్రి గుబురు కొమ్మ ఒకటి విరిచి తెచ్చి దానికి తోడు పెట్టాడు. పాత చోట ఖాళీ పెట్టె ఒకటి ఉంచమని, తప్పిపోయినవి అందులో చేరతాయని, రేపటి పడవలో తెస్తానని భార్యకు చెప్పాడు. మధ్యాహ్నం కూడు మాత్రం అతనికి ఇంట్లో దొరకలేదు. మాతోపాటు చేపల పులుసు తిన్నాడు. తిన్నాక నేను పక్క పొలం ఆయన దగ్గరికి వెళ్ళి, మందు కొట్టక తప్పకపోతే పువ్వులు ముడుచుకున్నాక సాయంత్రం కొట్టమని వాదించాను. నన్ను వదిలించుకోవడానికే కావచ్చు, సరేనన్నాడు.

కొన్నాళ్ళకు నూకాలు ఫోటో పంపింది: అరచేతిలో పట్టనంత పుచ్చకాయ, ఎటు చూసినా గుండ్రంగా. ఫ్యాక్టరీ నుంచి మళ్ళీ ఫోను వచ్చిందట. "నా కింద సానామంది ఆడోల్లు పని సేస్తన్నారు, వొగ్గీసి రాలేను" అని చెప్పిందట. పని అంటే ఎలా ఉండాలో ఆ తోటలో ఒక పూట చూశాను. అక్కడ గడియారం చూసేవాడు లేడు, పువ్వు ముడుచుకుంటే పని అయిపోయినట్టే. మీరూ వెళ్ళండి. ఆ వైపు తోటలకు పెట్టెలు దిగే రోజుల్లో అయితే చిమిండైంగ్ బజారులో ఒక గుబురు మామిడి కొమ్మ కొని పట్టుకెళ్ళండి, ఎవరో ఒకరికి తప్పక పనికొస్తుంది. నూకాలు దాన్ని తోరణం అంటుంది, నేను కొమ్మ అంటాను. ఈగలు ఇద్దరి మాటా వినిపించుకోకుండా కాసేపు ఆగి, వెనక్కి తిరిగి, ఇల్లు చూసుకుంటాయి.