సారు తిట్టడం మానేసిన ఏడాది

మా సంగీతం సారు తిట్టడం మానేసినప్పుడు మాకు మొదటి అనుమానం వచ్చింది.

మదనపల్లెలో టమేటా మార్కెట్‌కు పోయే దారిలో ఒక మేడ మీద మా బడి ఉంది. సంగీతమంటే ఇష్టమున్నవాళ్ళం కొందరం కలిసి నడుపుకుంటున్నాం. సాయంత్రాలు మొదట పిల్లలు, వాళ్ళు మెట్లు దిగిపోయాక మాలాంటి పెద్దలు నేర్చుకుంటారు. నేను నలభై దాటాక చేరాను. మొదటి రోజే సారు, "ఇది పాటమ్మా, సంతలో కేక కాదు" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ అట్లా ఏడ్చి మళ్ళీ వెళ్ళినవాళ్ళే.

అలాంటి మనిషి, ఆ ఏడు వేసవి దాటాక, ఎవరెలా పాడినా "బాగుందమ్మా" అనసాగారు. శ్రుతి తప్పినా బాగుంది, తాళం జారినా బాగుంది. పాడేవాళ్ళ మొహం మీద నుంచి మాత్రం చూపు తిప్పేవారు కాదు. ఆ చూపు నాకు నచ్చేది కాదు.

బడికి అండగా మేం కొందరం ఉన్నాం. కచేరీలకు హాలు మాట్లాడటం, చాపలు మోయడం, పిల్లల్ని బస్సెక్కించి మళ్ళీ ఇళ్ళు చేర్చడం మా పని. మాలో విత్తనాల అంగడి పెద్దాయన ఒకరు, హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మేడం ఒకరు. ఆ ఏడు పుంగనూరులో ఒక కచేరీ ఒప్పుకున్నాం. సన్నాహాలు జరుగుతుండగా అంగడాయన ఒక కబురు తెచ్చారు.

"సారు వారం వారం కుప్పం బస్సెక్కుతాండాడు మేడమ్, మా అంగడి ముందరే. యాడికి సార్ అంటే, ఊరికేనప్పా అని మొగం తిప్పుకుంటాడు."

"కుప్పంలో ఆయనకెవురుండారు?" అంది మేడం.

"ఎవురూ లేరు. ఆడ కొత్తగా సంగీతం క్లాసులు పెడతాండారంట. మన పిల్లోళ్ళని వదిలేసి ఆడ చేరతాడేమోనని నాకు డౌటు."

ఆ మాటతో నాకు అన్నీ అర్థమైనట్టే అనిపించింది. వెళ్ళిపోయే మనిషికి మమ్మల్ని దిద్దే ఓపిక ఎందుకుంటుంది? ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజ్ పెడితే వెంటనే జవాబిస్తారు. మాట తప్పించుకోవడానికే అనుకున్నాం. సారు లేకుండా ఇంకో వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఆయన ఎప్పుడొచ్చారు, ఎవరితో మాట్లాడారు, ఎందుకు తొందరగా లేచారు, అన్నీ అందులో రాసుకునేవాళ్ళం. క్లాసుకు ముందు మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటూ, ఆయన కనబడగానే ఆపేసేవాళ్ళం.

ఒకరోజు నేను ఆయనకే పరీక్ష పెట్టాను. మోహన రాగంలో 'మ' అనే స్వరమే ఉండదు. కొత్తగా చేరిన పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. నేను పాడుతూ పాడుతూ కావాలనే ఆ స్వరం దగ్గర ఆగి, గొంతెత్తి సాగదీశాను. మృదంగం వాయించే ఆయన చెయ్యి ఆగిపోయింది. సారు ఆయన వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. "బాగుందమ్మా, ఈ పూటకు చాలు" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

ఆయన మనసు ఇక్కడ లేదని గ్రూపులో రాశాను. "కుప్పం పోయి సూసొద్దాం" అని మేడం జవాబు పెట్టింది.

ఆ వారం ఆయనెక్కిన బస్సు వెనకే అంగడాయన కారులో బయల్దేరాం. పుంగనూరు దాటి పలమనేరులో బస్సు చాలాసేపు ఆగింది. మేం అద్దాలెత్తుకుని కూర్చున్నాం. మేడం తెచ్చిన చిత్రాన్నం డబ్బా మూత ఎవరూ తీయలేదు.

కుప్పంలో దిగి సారు ఒక సందులోకి నడిచారు. మందుల షాపు పక్కనున్న మెట్లెక్కి లోపలికి వెళ్ళారు. కాస్త ఆగి మేమూ ఎక్కాం. గాజు తలుపు మీద తెలుగులోనూ తమిళంలోనూ 'చెవి పరీక్షలు' అని రాసుంది. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగానే తలుపు తెరుచుకుని సారు బయటికొచ్చారు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"వస్తారని తెలుసు" అన్నారు.

అంగడాయన తల వంచుకుని ఏదో గొణిగారు.

"నా పక్క తిరిగి సెప్పప్పా. నోరు కనపడకపోతే నాకు తెలీదు."

కింద టీ అంగడి దగ్గర కూర్చున్నాక ఆయనే చెప్పారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, ఇప్పుడు కుడిదీ పోతోంది. మదనపల్లెలో చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుందని వారం వారం ఇక్కడికి వస్తున్నారు. "సంగీతం సారుకు చెవుడంటే బడికి ఎవురొస్తారమ్మా? మీ మొగాలు సూసి బాగుందంటాండాను."

"మరి ఆ దినం నేను మోహనలో..." అని ఆగాను.

"నీ పాట వినపళ్ళేదు. మృదంగం చెయ్యి ఆగింది సూసినా. నాకు పరీక్ష పెట్టినావని తెలిసిపాయ. మెట్ల కాడ మీ నోర్లు కదిలేది కనపడతాది. నన్ను సూసి ఆగేదీ కనపడతాది. నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకుంటారనుకున్నా. బి.కొత్తకోటకు పోయి, ఆడుండే నా పాత శిష్యురాలిని అడిగొచ్చినా, మావాళ్ళు నిన్ను పిలిచినారా అని."

మేం ఆయన వెనక తిరుగుతుంటే, ఆయన మా గురించి ఆరా తీస్తున్నారు. మేడం ఆయన వైపు తిరిగి, నెమ్మదిగా, విడివిడిగా అంది.

"ఆయమ్మని మేం పిలవలేదు సార్. మీరు పిలవండి."

ఆయన పిలిచారు. అంత సులువుగా కాదు. ఆమె వచ్చిన కొత్తలో క్లాసు జరిగినంతసేపూ సారు గుమ్మం దగ్గరే నిలబడి చూసేవారు. ఆమె నాతో నవ్వితే, "ఏమంటాంది?" అని అడిగేవారు. చెవుడు సంగతి పిల్లల తల్లిదండ్రులకు తనే చెప్పారు. ఒకరిద్దరు పిల్లల్ని మాన్పించారు కూడా. మా రెండో గ్రూపు సంగతి నేనే చెప్పాను; చూపించమంటే ఫోన్ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని కిందివరకూ చదివారు. ఏమీ అనకుండా తిరిగిచ్చారు. మందలించి ఉంటే బాగుండుననిపించింది.

చెవి మిషన్ వచ్చాక మాటలు తెలుస్తున్నాయి గానీ, పాట రేకు డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టుందని అన్నారు. అందుకే పుంగనూరు కచేరీలో శ్రుతి బాధ్యత శిష్యురాలికిచ్చి, తను పిల్లలకు ఎదురుగా కూర్చుని తాళం వేశారు. పిల్లలు ఆయన చెయ్యి చూసి పాడారు. మధ్యలో ఒకసారి శిష్యురాలు కళ్ళతోనే ఏదో సైగ చేసింది. సారు ఆమె వైపు అనుమానంగా చూసి, మళ్ళీ పిల్లల వైపు తిరిగి తాళం కాస్త నెమ్మది చేశారు. పాట కుదురుకుంది.

తిరుగు బస్సులో పిల్లలు దారంతా పాడుతూనే ఉన్నారు. సారు మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకుని, కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. మదనపల్లె వచ్చాక నేనే భుజం తట్టి లేపాను.