ఎడమ పక్క ఆకుపచ్చ వైరు

ఇప్పటికీ ఎవరి కారులోనైనా ముందు సీట్లో కూర్చుంటే, బండి ఎడమకు తిరిగే ముందు నా చెయ్యి దానంతటదే కిటికీ వైపు లేస్తుంది. ఈ కాలం కార్లలో అద్దాలు ఎప్పుడూ ఎక్కించే ఉంటాయి కాబట్టి వేళ్లు అద్దానికి తగులుతాయి. "ఏమైంది అత్తమ్మా?" అని మా అల్లుడు ఓసారి అడిగాడు. ఏం చెప్పను? ఒకప్పుడు నేను ఒక పాత కారుకు ఎడమ ఇండికేటర్‌గా పనిచేశానంటే నమ్ముతాడా? ఆ ఉద్యోగం పోకుండా ఉండడానికి దొంగచాటుగా ఒక వైరు పీకానని అసలే చెప్పలేను.

మా అత్తగారిది గద్వాలలో మగ్గాల ఇల్లు. మామ చీరలు నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని. నేసిన చీరలను ప్రతి బేస్తవారం మా ఆయన కారులో వేసుకుని వనపర్తిలో రెండు కొట్లకు, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్‌లో ఇంకో కొట్టుకు ఇచ్చి వచ్చేవాడు. కారంటే గొప్పగా ఊహించుకోవద్దు. మా చేతికి వచ్చేసరికే అది ముగ్గురి చేతులు మారింది. వానాకాలంలో లోపల కూర్చున్నవాళ్లు కూడా తడిసేవాళ్లు.

వనపర్తి బస్టాండు దగ్గర మా అమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. నాన్న లేడు, నాకు అన్నదమ్ములు లేరు. మా ఇళ్లలో పెళ్లయిన ఆడపిల్ల తనంతట తాను పుట్టింటికి పోదు. పుట్టింటివాళ్లు ఎవరో ఒకరు వచ్చి తోలుకపోవాలి. అమ్మ వద్దామంటే పొయ్యి ఆపాలి, పొయ్యి ఆపితే ఆమెకు పూట గడవదు. తోలుకపోయే దిక్కులేదు కాబట్టి నేను పోలేదు. గంటన్నర దూరంలో అమ్మ ఉండగా ఏడాదిన్నర ఆమె ముఖం చూడలేదంటే మీరు నమ్మాలి. పక్కింట్లో రొట్టె తట్టే చప్పుడు వినబడితే చాలు, నా కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అత్త చూసి "కండ్లల్ల దుమ్ము పడ్డదా?" అనేది. పడ్డదని తలూపేదాన్ని.

మా ఆయనను అడగవచ్చు కదా అంటారేమో. కొత్త కోడలు అడగడమా! మా అత్త ముందు నేను నోట్లో నాలుక లేనట్టే ఉండేదాన్ని. ఇప్పుడు నన్ను చూసినవాళ్లు ఈ మాట వింటే నవ్వుతారు.

ఒక బేస్తవారం మా ఆయన ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కడానికి ఎడమకు తిరుగుతుంటే వెనక నుంచి బస్సు గుద్దబోయిందట. ఎడమ ఇండికేటర్ పడడం లేదు, బస్సువాడికి ఎలా తెలుస్తుంది? డ్రైవరు కుడి చెయ్యి బయటపెట్టి గుండ్రంగా తిప్పితే ఎడమకు పోతున్నట్టట. లైసెన్సు పరీక్షలో అడుగుతారు. రోడ్డు మీద అలా తిప్పితే చెయ్యి తిమ్మిరెక్కిందేమో అనుకుంటారు.

ఒక్కగానొక్క కొడుకు కదా, అత్త హడలిపోయింది. "అది బాగయ్యేదాంక నువ్వు ఒక్కనివే పోవద్దు. దీన్ని తోల్కపో. ఎడమ దిక్కు కూసొని చెయ్యి పెడ్తది" అంది.

దీన్ని అంటే నన్నే. పుట్టింటి నుంచి ఎవరూ రాలేదు. నన్ను తోలుకపోవడానికి వచ్చింది చెడిపోయిన ఆ లైటే.

ఆ తర్వాత రెండు నెలలూ నేను బేస్తవారం నుంచి బేస్తవారానికి బతికాను. వనపర్తిలో మా ఆయన రొట్టె తినడానికి అమ్మ పొయ్యి దగ్గర అరగంట ఆగేవాడు. కారు ఇంకా ఆగక ముందే అమ్మ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి నా పక్క తలుపు తీసేది. ఆ తలుపుకు పిండి మరకలు ఎప్పుడూ ఉండేవి, నేను తుడవనిచ్చేదాన్ని కాదు. వేడి రొట్టె మీద పల్లీల కారం వేసి నా చేతిలో పెట్టి, తను మాత్రం నా ఎడమ చెయ్యి పట్టుకుని చూసేది. దారి పొడవునా ఎండలో పెట్టి పెట్టి అదొక్కటీ మాడిపోయింది.

"ఒక్క చెయ్యే గింత నల్లగైందేంది బిడ్డా" అని నూనె రాసేది. మాట్లాడడానికి అంత ఏముండేది? ఏమీ ఉండేది కాదు. ఆ నూనె చేతి గరుకుదనం ఇప్పుడు కావాలంటే ఎక్కడ దొరుకుతుంది?

రెండు నెలలకు మెకానిక్ మా ఇంటికే వచ్చాడు. చాయ్ ఇవ్వడానికి వెళ్లిన నేను అక్కడే నిలబడిపోయాను.

"నాలుగు లైట్ల బటను నొక్కన్నా" అన్నాడు మా ఆయనతో. నొక్కితే ముందూ వెనకా నాలుగూ వెలిగి ఆరుతున్నాయి. "సూసినవా, గిట్ల నొక్కితే ఎడమ దిక్కువి గూడ పడ్తున్నయి. అంటే బల్బులు మంచిగున్నయి, వైరు మంచిగుంది. రోగం స్టీరింగ్ కాడి స్విచ్చుల ఉంది."

స్విచ్చు విప్పి, లోపల నల్లబడిన రేకును గీకి శుభ్రం చేశాడు. ఎందుకైనా మంచిదని నా సీటు ముందు డాష్‌బోర్డు కింద తల దూర్చి, ఒక ఆకుపచ్చ వైరును కూడా వేలితో కదిపి చూశాడు. "ఎడమ దిక్కు ముందుకు, వెనకకు కరెంటు గీ ఒక్క వైరుల్నే పోతదన్నా. గీ పిన్ను ఊడితే రెండు బంద్." చెప్పింది మా ఆయనకు. చెవులు రిక్కించి విన్నది నేను.

లైటు బాగైంది. ఇంట్లో అందరూ సంతోషించారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

తర్వాతి బేస్తవారం పొద్దున, చీరలు కారులో పెట్టే నెపంతో వెళ్లి ఆ పిన్ను లాగేశాను. కొంచెం బిగువుగా వచ్చింది, అంతే. మా ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని, నన్ను కారు వెనక నిలబెట్టి అడిగాడు.

"పడ్తుందా?"

"పడ్తలేదు" అన్నాను. అబద్ధమైతే కాదు కదా. అత్త మెకానిక్‌ను నాలుగు తిట్లు తిట్టి, నన్ను కారెక్కమంది. అలా మూడు వారాలు గడిచాయి. ఇంటికి రాగానే పిన్ను మళ్లీ పెట్టేదాన్ని, బేస్తవారం పొద్దున తీసేదాన్ని. మెకానిక్ మధ్యలో వచ్చి చూస్తే లైటు శుభ్రంగా పడేది. పాపం, ఆయన పరేషాన్ అయిపోయాడు.

నాలుగో వారం వనపర్తి చౌరస్తాకు వచ్చాం. చౌరస్తాలో నేరుగా పోవాలంటే మా దిక్కు నాలుగు లైట్లు వేస్తారు. కుడికీ కాదు, ఎడమకూ కాదు, సీదా పోతున్నానని అర్థం. ఎవరు కనిపెట్టారో తెలియదు, అందరూ అదే చేస్తారు. అవి బండి చెడి నడిరోడ్డు మీద ఆగినప్పుడు వేయాల్సిన లైట్లని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఎడమ ఇండికేటర్ పడకపోయినా నాలుగు లైట్లు పడతాయని మెకానిక్ వచ్చినప్పుడే చూశాం కదా, ఆ ధైర్యంతో మా ఆయన బటను నొక్కి నేరుగా పోనిచ్చాడు. నేనూ నిమ్మళంగా మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని కూర్చున్నాను.

పిన్ను ఊడి ఉంది. ఎడమవి రెండూ చీకటి. వెనకవాళ్లకు కనబడింది కుడివి మాత్రమే. కారు కుడికి తిరుగుతుందనుకుని ఒక ట్రాక్టరు మా ఎడమ పక్క నుంచి దూసుకొచ్చింది. ట్రాలీ అంచు తలుపును కరకరా గీసుకుంటూ పోయింది. మోచెయ్యి ఎప్పుడు లోపలికి లాక్కున్నానో నాకే తెలియదు.

"కుడి దిక్కు లైటేసి సీదా పోతవేంది?" అని ట్రాక్టరతను అరిచాడు.

"నాలుగు ఏసిన" అని మా ఆయన కూడా అరుస్తూ దిగాడు. వెనక్కి వెళ్లి చూశాడు, ముందుకొచ్చి చూశాడు. ఎడమ లైటు ముందు కాసేపు అలాగే నిలబడి, అద్దంలోంచి నా వైపు చూశాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు.

"చెయ్యికి ఏం కాలే గద?" అన్నాడు. బండి తీశాడు.

ఆ రోజు అమ్మ పెట్టిన రొట్టె సగంలోనే పక్కన పెట్టేశాను. గీతలు పడిన తలుపును అమ్మ చేత్తో నిమురుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. అమ్మ ముఖం కోసం మొగుడి ప్రాణం మీదికి తెచ్చాను. ఇంటికి రాగానే పిన్ను పెట్టి, ఊడకుండా టేపు చుట్టాను.

బేస్తవారం వచ్చింది.

"పడ్తుందా?" అని అడిగాడు.

"పడ్తుంది."

ఆయన మళ్లీ అడిగాడు. "మంచిగ సూడు. పడ్తుందా?"

"పడ్తుంది" అన్నాను. అత్త నన్ను కండెల దగ్గరికి పిలిచింది. కారు వెళ్లిపోయింది.

సాయంత్రం మా ఆయన ఒక బట్టమూట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. రొట్టెలు. చల్లబడి గట్టిపడ్డాయి.

"మీ అమ్మ ఉరికొచ్చి నీ దిక్కు తలుపు తీసింది" అన్నాడు. "ఎవ్వరు లేరు. మూసింది. జరసేపైనంక మళ్ల తీసి సూసింది."

నేను మూట పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. ఆయన నా పక్కనే చతికిలబడ్డాడు.

"నాలుగు లైట్లల్ల ఎడమవి పడకపోతే రోగం స్విచ్చుల ఉండదు, నీ సీటు ముందటి వైరుల ఉంటది. నాకు ఆ దినమే తెలిసింది. పొద్దుగాల నువ్వు అడుగుతవేమోనని రెండుసార్లు అడిగిన. వైరు పీకుడు వచ్చు గని, పోతానని ఒక మాట అడుగుడు రాదా నీకు?"

మరుసటి బేస్తవారం "నేను గూడ వస్త" అని అడిగి, లైటు పడుతుండగానే కారెక్కాను. "లైటు మంచిగనే ఉంది గద, ఆమెందుకు?" అంది అత్త. "తోల్కపోను ఆమెకు ఎవరున్నరు? నేనే తోల్కపోతున్న" అన్నాడు మా ఆయన. అత్త కండెల బుట్ట తనే ఎత్తుకుని లోపలికి పోయింది.

వనపర్తిలో కారు ఆగక ముందే అమ్మ తలుపు తీసింది.

"పోయిన వారం ఏమైంది బిడ్డా?"

"లైటు బాగైందమ్మా, అందుకే రాలేదు."

"బాగైతే వస్తరు గని, ఆగుతరా?" అని నా ఎడమ చెయ్యి ఒళ్లోకి లాక్కుంది.

ఆ తర్వాత అమ్మ బతికినన్నాళ్లూ అడిగి మరీ పోయాను. ఇప్పుడు నాకు ఎవరినీ అడగాల్సిన పని లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వనపర్తి పోగలను. మొన్న కూడా పోయాను. బస్టాండు దగ్గర అల్లుడు కారు ఆపాడు. నేను చాలాసేపు దిగకుండా అలాగే కూర్చున్నాను. చివరికి తలుపు నేనే తీసుకున్నాను.