పెదనాన్న వదిలేసిన రెండు నిమిషాలు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే మలేసియాలోని మా ఊరు తెలుక్ ఇంటాన్ నుంచి ఫోను వచ్చింది. మా పెదనాన్న మైదానంలో నడుస్తూ నడుస్తూ పడిపోయారట. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. ఆయన గురించి రాస్తే మనసు కుదుటపడుతుందని ఎవరో అన్నారు. రాస్తున్నాను, కుదుటపడడం లేదు.

పెదనాన్న ముప్పై ఏళ్ళకు పైగా పామాయిల్ ఎస్టేటులో గెలలు కోశారు. మేస్త్రీ కంటబడేచోట కూర్చోకూడదన్నది వాళ్ళ నాన్న నేర్పిన మొదటి పాఠం. పని మానేశాక కూడా గేటు చప్పుడైతే చాలు, కుర్చీలోంచి లేచి చీపురో, నీళ్ళ గొట్టమో పట్టుకునేవారు. "కూకోడం అలవాటైతే కాళ్ళు మన మాట ఇనవు" అనేవారు. మేం నవ్వేవాళ్ళం. నన్ను సైన్సు చదవనివ్వమని మా నాన్నతో పోట్లాడింది ఆయనే. ఈరోజు నాకున్న ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష.

నిరుడు ఆయన గుండె బలహీనపడింది, తొడలు సన్నబడ్డాయి. ఆస్పత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి ఒక నిమిషం జోరుగా, రెండు నిమిషాలు మెల్లగా నడవమంది. కౌలాలంపూర్‌లో నా పరిశోధన ఇలాంటి వ్యాయామం మీదే. ఇక నా నోరు ఆగలేదు. కండను మరీ పెరగనివ్వకుండా పట్టి ఉంచే మయోస్టాటిన్ అనే పదార్థం మన ఒంట్లోనే తయారవుతుందని, దాన్ని అదుపుచేసేది ఇంకొకటి ఉందని, జోరుగా కదిలితే కండలోనూ గుండెలోనూ వాటి పాళ్ళు ఎలా మారతాయో చూస్తున్నామని చెప్పాను.

"అయితే జోరుగా నడిస్తే బ్రేకు ఒదులవుతాదన్నమాట. మరి ఆ రెండు నిమిషాలు ఏటికి అమ్మీ?" అన్నారు.

"అది ఊరికే రెస్టు, పెదనాన్నా" అన్నాను, ఫోను చూసుకుంటూ.

ఊరికే కాదు. గుండె తేరుకునేది ఆ రెండు నిమిషాల్లోనే. ఇన్నేళ్ళు చదివి, ఆయనకు కావలసిన ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

"మెల్లగా నడవమంటే ఇన్నేదమ్మీ" అంది పెద్దమ్మ, ఆయన పోయాక. "'అందరూ సూస్తుండగా సోమరిలాగ నడిస్తే ఏటి బాగుంటాది, అమ్మి సెప్పినాది కదా, అది ఊరికే రెస్టని' అన్నారు."

ఆగకుండా జోరుగా నడవడమే కారణమని చెప్పలేమన్నారు డాక్టరు. కాదని కూడా అనలేదు. ఆ మాట పట్టుకుని ఎన్నాళ్ళు బతకాలో నాకు తెలియదు. ల్యాబుకు వెళ్ళబుద్ధి కావడం లేదు.

పదో రోజున ఇంటినిండా జనం. పెద్దమ్మ పొద్దుటి నుంచీ అందరికీ కాఫీలు అందిస్తూనే ఉంది. నేను ట్రే అందుకుని, కుర్చీ లాగి కూర్చోమన్నాను.

"ఇంతమంది ఉండగా ఎలాగ కూకుంటానమ్మీ?"

విశ్రాంతి ఎందుకో, గుండెకు అది ఏం చేస్తుందో ఈసారి తాపీగా, వివరంగా చెప్పాను. అంతా విని తలూపింది. కూర్చోలేదు. రెండు చేతులతో ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.