క్వాక్ గారబ్బాయి కొత్త కాపురం

పియో మల్‌సుక్‌కి మంచితనం ఎక్కువ. అదే ఆమె కొంప ముంచింది.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. సియోల్‌లో, గుట్ట మీది పేటలో, ఓ పాత మూడంతస్తుల ఇంటి పై వాటాలో పంతొమ్మిదేళ్లు అద్దెకుంది. జిప్పులు మార్చి, ప్యాంట్ల పొడవు తగ్గించి బతికింది. భర్తను కాటికి సాగనంపింది కూడా ఆ ఇంట్లోంచే. డాబా మీద ఆమెవి మూడు జాడీలు. ఏటా చలి విరుగుతుండగా కూరల్లోకి సోయా గింజల ముద్దల్ని ఉప్పునీళ్లలో ఊరవేసేది. ఎండ కాస్తే మూతలు తీసేది, మబ్బు పడితే మోకాళ్ల నొప్పులు మరిచిపోయి పరుగెత్తి మూసేది. ఆ డాబా, ఆ ఎండ లేకపోతే ఆమెకు ఇల్లన్నదే లేదు.

నిరుడు ఎండాకాలం మొదట్లో ఇంటి ఓనరు క్వాక్ దోంగ్‌పల్ పుచ్చకాయ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. పంతొమ్మిదేళ్లలో ఆయన చేతిలో పుచ్చకాయ కనబడటం అదే మొదలు. అప్పుడైనా అనుమానించొద్దూ, పిచ్చితల్లి!

"అక్కయ్యగారూ, మావాడికి పెళ్లి కుదిరింది. ఈ వాటాలోనే కాపురం పెడతాడట. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?"

అద్దె గడువు తీరబోతోంది. ఇంకో రెండేళ్లు ఉంటానని అడిగే హక్కు చట్టం ఆమెకిచ్చింది, అద్దె నూటికి ఐదుకు మించి పెంచకూడదని కూడా చెప్పింది. కానీ ఓనరో, ఆయన పిల్లలో వచ్చి ఉంటామంటే ఖాళీ చెయ్యాల్సిందే. ఆ సందులోంచే దూరాడా మహానుభావుడు. పెళ్లి కబురు చెబుతుంటే రుజువేదని అడుగుతారా ఎవరైనా? మల్‌సుక్ అడగలేదు. "పిల్లలు చల్లగా ఉండాలి" అని దీవించి, వెళ్లే రోజున కొత్తకోడలి కోసం కిటికీ అద్దాలు కూడా తుడిచిపెట్టింది.

కొత్త గది సగం నేలలోకి దిగి ఉంది. కిటికీలోంచి జనం కాళ్లు తప్ప ఏమీ కనబడవు. జాడీలు తలుపు పక్కన పెట్టుకుంది. నెల తిరక్కుండా పెద్ద జాడీ బూజుపట్టి కంపుకొట్టింది. ముప్పై ఏళ్లలో ఆమె ఊరవేసిన సోయా ఎన్నడూ అలా చెడలేదు. జాడీ పక్కన కూలబడి ఏడ్చింది.

అయినా మర్యాద మర్యాదే కదా. కొత్త కాపురమింటికి టాయిలెట్ కాగితం చుట్టలు పట్టుకెళ్లాలి, చుట్ట విడినట్టు పనులన్నీ సాఫీగా సాగాలని. ఆకులు రాలేవేళ ముప్పై చుట్టల కట్ట మోసుకుంటూ గుట్టెక్కింది. తలుపు తీసిన అమ్మాయి చంకలో చంటిపిల్ల ఉంది.

"కొత్తకోడలివా తల్లీ?"

"కోడలేంటి నానమ్మా? మేం అద్దెకొచ్చాం. అద్దె కట్టలేక చస్తున్నాం."

"మరి ఓనరు గారబ్బాయి?"

"బుసాన్‌లో ఉన్నాడట. ఇంకా పెళ్లే కాలేదుగా!"

మల్‌సుక్ ఒళ్లు భగ్గుమంది. కట్ట మళ్లీ భుజానికెత్తుకుని దిగింది. ఎంత దగా! ముసలిదాని చేత అద్దాలు కూడా తుడిపించుకున్నాడు!

వారం తిరిగాక, ఆ అద్దె చట్టం ఉండాలా పోవాలా అని పేట హాల్లో మీటింగు పెట్టారు. మైకు ముందు క్వాక్ గారు.

"ఈ చట్టం వచ్చాక నమ్మకం పోయిందండీ! మా ఇంట్లో ఒకావిడ పంతొమ్మిదేళ్లుంది. ఏ చట్టం చూసుకుని ఉంచాను?"

వెనక వరసలోంచి మల్‌సుక్ లేచింది. నడుచుకుంటూ వెళ్లి, వెంట తెచ్చిన చుట్టల కట్టను ఆయన ముందు బల్ల మీద దభీమని పడేసింది.

"మీవాడి కొత్త కాపురానికి తెచ్చాను. ఇంటికెళ్తే లేడు. ఎక్కడున్నాడో చెప్పండి, ఇచ్చొస్తాను."

హాలంతా గొల్లున నవ్వింది. క్వాక్ మొహం కందగడ్డయింది.

"అదీ... ఆ సంబంధం తప్పిపోయింది, అక్కయ్యగారూ."

"అయ్యో పాపం! ఎప్పుడు తప్పింది? నేను అద్దాలు తుడిచాకా, కొత్తవాళ్ల చేత సంతకం పెట్టించాకా?"

"అబద్ధం చెప్పి ఖాళీ చేయించారుగా, కోర్టుకెళ్తే పరిహారం వస్తుందమ్మా," అన్నాడు మీటింగు నడిపే ఆఫీసరు.

క్వాక్ అందుకున్నాడు. "కోర్టెందుకండీ, ఎంత కావాలో చెప్పండి, ఇచ్చేస్తాను."

"నా డాబా ఇవ్వు." పంతొమ్మిదేళ్లలో ఆయన్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. "ఇవ్వలేవు. అక్కడ చంటిపిల్ల ఉంది. గడువు తీరాక వాళ్లనీ తరిమెయ్, నీ కొడుక్కి ఇంకో పెళ్లి కుదిర్చి!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే కోర్టులో కాగితం పడేసి వచ్చింది. బూజుపట్టిన జాడీ ఇంకా తలుపు పక్కనే ఉంది. ఎవరు కడుగుతామన్నా ఒప్పుకోదు. జడ్జిగారి చేత వాసన చూపించాకే కడుగుతుందట.